మూటల లెక్కయు ఱాతి సాక్ష్యమును

ఆనకట్ట నిలిచినంతకాలము లోకము దాని యెత్తును, తలుపులను, కట్టించినవారి పేర్లు చెక్కిన శిలాఫలకమును చూచును. అది కూలిన నాడు ఇంజనీయరును, కంట్రాక్టరును, ప్రభుత్వమును దూషించును. ఈ రెండు సమయములందును కట్టకు క్రిందనున్న ఱాతిని తలచువారు అరుదు. కట్ట బరువును, దానిని వెనుకనుండి నెట్టుచున్న నీటి బలమును తుదకు మోయునది ఆ ఱాయియే. అందు బీటలున్న యెడల వానిని సిమెంటుతో నింపుదురు. అవి నిండినవో లేదో చూచి రాగలవాడు లేడు. కావున ఆ పని సరిగా జరిగినదని చెప్పు సాక్షి యెవరన్నదే నేడు మేము విచారింపదలచిన ప్రశ్న.

ఇటీవల ఒక కక్షిదారుని యింటి వివాహమునకై మేము కోవిల్‌పట్టికి పోవలసివచ్చినది. చెన్నపురినుండి రాత్రి బండిలో బయలుదేరి, ఉదయము విరుదునగరమున దిగి, సాత్తూరు మీదుగా మోటారులో దక్షిణమునకు సాగితిమి. దారి కిరుప్రక్కలను మన కర్నూలు మండలమును తలపించు నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ అందురు. వాన కురిసిననే ఇక్కడ పంట. లేనినాడు అగ్గిపెట్టెల పని, నూలుమిల్లు పని. శతాబ్దులకు పూర్వము వచ్చి ఈ నేలపై కుదురుకొన్న కమ్మవారు, రెడ్లు, రాజపాళయపు రాజులు అనేకులు నేటికిని ఇంట తెనుగే మాటాడుచున్నారు. 1949 మొదలు 1952 వఱకు మదరాసు రాష్ట్రమునకు ముఖ్యమంత్రిగా నుండిన పి.ఎస్. కుమారస్వామి రాజా రాజపాళయపువారే. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైచేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట తెలుగు పలుకుచు, తమిళమున వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమతి నందెను. విరుదునగరము దాటినపిమ్మట కొంతదూరమునకు కనబడు సిమెంటు కర్మాగారము సైతము రాజపాళయపు రామసామి రాజా స్థాపించినదే. అది 1960వ దశకారంభమునుండి పనిచేయుచున్నది. నేటి మా ప్రసంగమున సిమెంటునకు గల పాత్ర చిన్నది కాదు గనుక దీనిని ఇచ్చట పేర్కొంటిమి.

పెండ్లివారి తోటలో ఒక బావిని లోతు చేయించుచుండిరి. పైన రేగడి, దాని క్రింద గుల్లబారిన ఱాయి, ఇంకను క్రింద గట్టి ఱాయి. ఇంటి పెద్ద గట్టుపై నిలిచి, లోపల పనివాడు వేయుచున్న గునపపు దెబ్బలను తల వంచి వినుచుండెను. నాలుగు దెబ్బలు విని, "అక్కడ వద్దు, రెండు మూరలు ఇవతలికి రా" అని కేకవేయుచుండెను. ఏమి విని అట్లు చెప్పుచున్నారని మేము ప్రశ్నించితిమి. "గట్టి రాయి కొడితే గంట మాదిరి పలుకుతుంది వకీలుగారూ. లోపల బీటుంటే చచ్చిన మాట మాట్లాడుతుంది. నీళ్లుండేది ఆ బీటలోనే. చెవికి తెలుస్తుంది గాని, ఇంతని చెప్పను రాదు" అనెను.

ఆ పెద్ద నీటికొఱకు బీటను వెదకువాడు. ఆనకట్ట కట్టువాడు మూయుటకొఱకు అదే బీటను వెదకును. వెదకు త్రోవ ఒక్కటే. ఇంతని చెప్పరానిదానిని ఇంతని చెప్పు విద్య మాత్రము ఇరువదవ శతాబ్దమున పుట్టినది.

ఆయన మాట వినినంతనే మాకు పండ్రెండేండ్ల నాటి వివాదమొకటి జ్ఞప్తికి వచ్చినది. ఊరును పేరును అనవసరము. ఒక చిన్న జలాశయపు పునాది ఱాతిలో సిమెంటు ఎక్కించిన కంట్రాక్టరునకు రావలసిన సొమ్ము నిలిచిపోయెను. ఆతని పక్షమున మేము మధ్యవర్తి యెదుట వాదించితిమి. మా ఆధారము కొలతల పుస్తకము. ఎన్ని బెజ్జములు, ఎన్ని అడుగుల లోతు, ఎన్ని మూటలు అన్నియు తేదీలతో, ఉభయుల సంతకములతో నుండెను. మేము గెలిచితిమి. మఱుసటి వర్షకాలమున కట్ట దిగువను మునుపటి చోటనే నీరు ఊఱుచున్నదని వింటిమి. ఆ వివాదమున ఎవరును అసత్యమాడలేదు. మూటలు నిజముగనే లోనికి పోయినవి. అవి ఎచ్చటికి పోయినవని మాత్రము మేమును అడుగలేదు, ఎదుటి పక్షపు న్యాయవాదియు అడుగలేదు, మధ్యవర్తియు అడుగలేదు. నాటినుండి ఈ విషయమును చదువుచుంటిమి. చదివిన దానిని పాఠకుల ముందుంచుట మా విధి యని తోచినది.

పునాదికి సిమెంటు ఎక్కించుటను ఇంజనీయర్లు గ్రౌటింగు అందురు. ఱాతిలో సన్నని బెజ్జములు తొలిచి, నీటిలో కలిపిన సిమెంటుపాలను ఒత్తిడితో లోనికి పంపుటయే ఈ పని. 1802లో ఫ్రాన్సుదేశపు దియెప్ రేవునందు చార్లెస్ బెరిన్యీ అను ఇంజనీయరు ఒక తూము కట్టడమును బాగుచేయుటకై ఇట్టి పద్ధతిని అవలంబించెను. నేడు పెద్ద ఆనకట్టల క్రింద ఇది రెండు విధములుగ జరుగుచున్నది. మొదటిది, కట్ట ఆనుకొను తలమంతటను తక్కువ లోతున సిమెంటు ఎక్కించి, పేలుడు మందువలనను ప్రకృతివలనను వదులైన ఱాతిని ఒక్కటిగ బిగించుట. రెండవది, జలాశయపు వైపున ఒకటి రెండు వరుసలలో లోతైన బెజ్జములు తొలిచి, నీరు క్రిందుగ జాఱిపోకుండ భూమిలో ఒక తెర దించుట. మొదటిదాని ప్రయోజనము దృఢత్వము. రెండవదాని ప్రయోజనము నీటి నిరోధము. ఈ భేదమును పాఠకులు మనసున నుంచుకొనవలెను. సాక్షుల మాటలో తేడా వచ్చునది ఇచ్చటనే.

ఈ పని ఫలించినదా లేదా యని తెలిసికొనుటకు మొదటినుండియు ఉన్న సాక్ష్యము మూటల లెక్క. బెజ్జము మొదట పది మూటలు త్రాగి, ప్రక్క బెజ్జము ఐదు మూటలు త్రాగి, వాని నడుమ తొలిచినది ఒక్క మూటతో చాలునన్నచో లోపల నిండుచున్నదని ఊహింతురు. ఇది నిరర్థకమైన ఊహ కాదు. కాని ఒకే వెడల్పాటి బీట సిమెంటునంతను దూరమునకు లాగికొనిపోవచ్చును. ప్రక్కనున్న సన్నని బీటలు వట్టివిగనే నిలిచిపోవచ్చును. రెండవ సాక్ష్యము నీటి పరీక్ష. స్విట్జర్లండు భూవిజ్ఞాని మారిస్ ల్యూజోన్ 1933లో ఆనకట్టలను, భూగర్భశాస్త్రమును గూర్చి ప్రకటించిన గ్రంథమున దీనికొక కొలమానము నేర్పఱచెను. పది వాతావరణముల ఒత్తిడికి, బెజ్జపు పొడవున ఒక్కొక్క మీటరునకు, నిమిషమున కొక లీటరు నీరు ఱాతిలోనికి పోయినచో అది ఒక ల్యూజోను. ఈ పరీక్ష మిక్కిలి విలువైనది. అయినను అది ఆ బెజ్జపు చుట్టుపట్ల సంగతినే చెప్పును. రెండు బెజ్జముల నడిమి ఱాతిని గూర్చి మౌనము వహించును.

ఆ మౌనమును మాన్పునదియే కంపతరంగ పద్ధతి. భూకంపముల చలనమును గ్రహించుటకు శాస్త్రజ్ఞులు నేర్చిన విద్యయే ఇచ్చట చిన్న కొలతలకు తగినట్లు వినియోగింపబడినది. ఱాతిపై నుంచిన ఇనుపపలకను సమ్మెటతో కొట్టియో, కొద్దిపాటి మందు ప్రేల్చియో, బెజ్జములోనికి దించిన పరికరముతో తాకిడి కలిగించియో కంపమును పుట్టింతురు. కొంతదూరమున, లేక ప్రక్క బెజ్జమున, జియోఫోను అను చెవి దానిని వినును. కంపము బయలుదేరిన క్షణమునకును చేరిన క్షణమునకును గల అంతరమును యంత్రము నమోదుచేయును. దూరమును కాలముచే భాగించిన వేగము వచ్చును. కోవిల్‌పట్టి పెద్ద చెవితో గ్రహించినది ఈ అంకెలో తేలును.

గాలిలో ఈ తరంగము సెకనునకు సుమారు 340 మీటర్లును, నీటిలో సుమారు 1,500 మీటర్లును పోవును. బీటలులేని గట్టి నల్లఱాతిలో 5,000 మొదలు 6,000 మీటర్ల వఱకు పోవును. అదే ఱాయి బీటలువాఱి, ఎండవానలకు చీకినదైనచో వేగము 2,000, 3,000 మీటర్లకు దిగిపోవుట కలదు. ఉదాహరణమునకు ఇరువది మీటర్ల దూరమున రెండు బెజ్జములున్నవనుకొందము. సిమెంటు ఎక్కింపకమునుపు కంపము చేరుటకు సెకనులో వెయ్యవ వంతులు ఎనిమిది పట్టినచో వేగము 2,500 మీటర్లు. సిమెంటు ఎక్కించి, అది గట్టిపడినపిదప ఐదు వంతులే పట్టినచో వేగము 4,000 మీటర్లు. ఱాతి బిగువు ఈ వేగముయొక్క వర్గమును అనుసరించి పెరుగును గనుక, ఆ నడిమి ఱాయి సుమారు రెండున్నర రెట్లు బిగిసినదని గ్రహింపవచ్చును. నెమ్మదిగ బరువు మోపినపుడు ఱాయి చూపు బిగువు దీనికంటె సాధారణముగ తక్కువగనే యుండును. కావున ఈ అంకెను డిజైనులో ఉన్నదున్నట్లు వాడరాదు. అయినను ముందు వెనుకల పోలికకు అది నమ్మదగినదే. బెజ్జములనిండ చెవులను దించి, అడ్డముగను ఏటవాలుగను వందలకొలది దారులలో కంపములను పంపినచో, వైద్యులు సి.టి. స్కానులో దేహపు లోపలిభాగమును చూచునట్లు, ఱాతి లోపలి బలహీనస్థలముల పటము ఏర్పడును.

ఇది నేటి నూతనాద్భుతము కాదు. 1960వ దశకమునుండియు యూరపులోని ఆనకట్టల ఇంజనీయర్లు దీనిని వాడుచున్నారు. 1969లో లండనున జరిగిన సభలో జె.ఎల్. నిల్ అను ఆంగ్ల భూవిజ్ఞాని, ఱాయి ఎంత సిమెంటును పట్టగలదో కంపతరంగములవలన ముందుగనే అంచనా వేయుటను గూర్చి పత్రము సమర్పించెను. అనగా పని ముగిసినపిదప పరీక్షకే గాక, పని మొదలిడుటకు ముందు మూటల అంచనాకును ఈ పద్ధతి ఉపకరించును. మా మధ్యవర్తి యెదుట అట్టి అంచనా ఒకటి యుండినచో వాదము వేఱు త్రోవ పట్టియుండును.

అయితే ప్రతి సాక్షిని ఎదురు ప్రశ్నలకు గుఱిచేయుట మా వృత్తిధర్మము. ఈ సాక్షిని కూడ వదలరాదు.

మొదటి ప్రశ్న: నీవు ముందు కొలిచితివా? సిమెంటు ఎక్కించినపిదప మాత్రమే కొలిచి 4,000 మీటర్లని చెప్పినచో దానికి అర్థములేదు. ఆ ఱాయి మొదటినుండియు అంతయే కావచ్చును. ముందటి కొలత లేని వెనుకటి కొలత, వాదపత్రము లేని తీర్పువంటిది. పైగా ఒకసారి సిమెంటు ఎక్కినతరువాత ముందటి స్థితిని కొలుచుట బ్రహ్మతరము కూడ కాదు.

రెండవ ప్రశ్న: వేగమును పెంచినది సిమెంటా, నీరా? ఎండినపుడు గాలియున్న బీటలో వానకాలమున నీరు నిండును. నీటిలో తరంగము గాలిలోకంటె నాలుగు రెట్లు వేగముగ పోవునని పైన చెప్పియుంటిమి. కావున వేసవిలో ముందటి కొలతయు, వర్షములు కురిసినపిదప వెనుకటి కొలతయు తీసినచో, ఒక్క మూట సిమెంటు పోయకున్నను ఱాయి బాగుపడినట్లే కనబడవచ్చును. దీనికి విఱుగుడు కలదు. కంపములు రెండు జాతులవి. ముందునకు వెనుకకు నెట్టుచు పోవునది ఒకటి. ప్రక్కలకు ఊగించుచు పోవునది మఱియొకటి. రెండవది నీటిలో ప్రసరింపదు. ఈ రెండింటిని కొలిచినవానిని నీరు మోసగింపజాలదు. ఒక్కదానినే కొలిచినవాని నివేదికను జాగ్రత్తగ చదువవలెను.

మూడవ ప్రశ్న: నీరు కాఱదని నీవు చెప్పగలవా? ఈ ప్రశ్నకు సత్యసంధుడైన సాక్షి లేదనియే బదులు చెప్పవలెను. తరంగము అనుకూలమైన దారిని వెదకికొనును. చుట్టుదారియైనను గట్టి ఱాతిగుండ ముందుగ చేరును. వెండ్రుకవంటి బీట దానికి కనబడకపోవచ్చును. ఆ వెండ్రుకవంటి బీటయే నీటికి ద్వారము. కావున దృఢత్వమునకు కంపతరంగము సాక్షి, నిరోధమునకు నీటి పరీక్ష సాక్షి. ఒకరి సాక్ష్యము నింకొకరిచేత చెప్పించుట న్యాయము కాదు.

నాలుగవ ప్రశ్న: వేగము పెరుగని చోట్ల నెక్కడ? ఈ ప్రశ్నకు వచ్చు సమాధానమే అన్నిటికంటె విలువైనది. బీటలో బంకమన్ను నిండియున్నచో సిమెంటుపాలు లోనికి చొరవు. ఎన్ని మూటలు ఎక్కించినను అవి చుట్టుప్రక్కలకు పోవునేగాని మన్నును కదలింపవు. అచ్చట వేగము మునుపటివలెనే యుండును. మూటల పుస్తకమునకు తెలియని ఈ రహస్యమును తరంగము బయటపెట్టును. అట్టిచోట త్రవ్వి తీసి కాంక్రీటు నింపుట తప్ప వేఱు గతి యుండదు.

ఈ ప్రశ్నలు అడుగకపోవుటవలన, లేక ఆలస్యముగ అడుగుటవలన, లోకము చెల్లించిన మూల్యము తక్కువది కాదు. ఫ్రాన్సుదేశమున ఫ్రెజూ పట్టణమునకు ఎగువనున్న మాల్పాసె ఆనకట్ట 1959 డిసెంబరు 2వ తేది రాత్రి తెగిపోయెను. నాలుగువందలకు పైబడిన జనము మృతినొందిరి. కాంక్రీటు లోపము కారణము కాదు. ఎడమగట్టున కట్ట ఆనుకొన్న ఱాయియే తొలగిపోయెను. అమెరికాలో ఐడహో రాష్ట్రపు టీటన్ ఆనకట్ట, జలాశయము మొదటిసారి నిండుచుండగనే, 1976 జూన్ 5వ తేదిన కొట్టుకొనిపోయెను. పదునొకండుగురు మరణించిరి. అచ్చటి ఱాయి బీటలమయము. దానిని నింపుటకు తొలి యంచనాకు రెండింతలకు మించి సిమెంటును ఎక్కించియుండిరి. మూటల లెక్కయే సాక్ష్యమైనచో అంతకు మించిన సాక్ష్యము ఎచ్చట దొరకును? అయినను కట్ట అడుగున గట్టునందలి ఱాతి పగుళ్లగుండ నీరు దారిచేసికొని, కట్ట మట్టిని లోనుండి కోసివేసెను.

మన దేశమునకు వత్తము. కోవిల్‌పట్టికి వాయవ్యమున, పడమటికనుమలలోని ముల్లైపెరియార్ ఆనకట్టను పాఠకు లెల్లరును ఎఱుగుదురు. జాన్ పెన్నీక్విక్ పర్యవేక్షణమున సున్నముతోను సుర్ఖీతోను కట్టబడి 1895లో ముగిసిన కట్టడము అది. దాని దేహమున 1930వ దశకమునను, మఱల 1960లోను సిమెంటు ఎక్కించిరి. 1979 పిదప నీటిమట్టమును 136 అడుగులకు తగ్గించి, కట్టను బలపఱచిరి. అది భద్రమా కాదా యని రెండు రాష్ట్రములు సుప్రీముకోర్టు నాశ్రయింపగా, 2006లో ఒక తీర్పును, 2014 మే 7వ తేదిన రాజ్యాంగ ధర్మాసనపు తీర్పును వెలువడినవి. నీటిమట్టము 142 అడుగుల వఱకు ఉండవచ్చునని ధర్మాసనము నిర్ణయించెను. ఏ పక్షమునకును వకాల్తా పుచ్చుకొనుట మా యుద్దేశము కాదు. మేము చూచిన దొక్కటే. ఒక రాష్ట్రమున పంటల నమ్మకమును, ఇంకొక రాష్ట్రమున ప్రాణభయమును ఒక్క కట్ట దృఢత్వముపై ఆధారపడినపుడు, నూఱేండ్లుగ ఒకే పద్ధతిలో తీసిన కొలతలు వరుసగ నిలిచియుండినచో వాదము ఎంత తగ్గియుండునో గదా!

మఱి తెలుగునేల మాట. చెన్నపురికి ప్రక్కనున్న పరంగిమలై ఱాతిజాతికి చార్నోకైటు అని పేరు. కలకత్తాలోని జాబ్ చార్నాక్ సమాధిపై పఱచిన ఫలకము ఆ జాతిదే యగుటచే భూవిజ్ఞాని థామస్ హాలండు దాని కాపేరు పెట్టెను. దక్షిణ తమిళదేశపు కొండలందును, మన తూర్పుకనుమలందును ఆ జాతి ఱాయి కలదు. అయితే మన నదులు అన్నిచోట్లను ఇట్టి గట్టి ఱాతిపై పాఱవు. శ్రీశైలమున కృష్ణ కోసికొన్న లోయలో గట్టి స్ఫటికశిల నడుమ మెత్తని పలకఱాతి పొరలున్నవి. 1963లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్టకు పునాది చికిత్స కష్టసాధ్యమైన కార్యమయ్యెను. 2009 అక్టోబరు వఱదను ఆ కట్ట తట్టుకొని నిలిచినది. నిలిచినదానిని చూచి సంతసించుటతో పాటు, దాని క్రింది ఱాయి నాటినుండి నేటికి ఎట్లు మాఱినదో కొలిచి ఉంచుట మన కర్తవ్యము.

పోలవరమున సంగతి వేఱు. అచ్చట గోదావరి ఇసుకలోగుండ ఱాతివఱకు కాంక్రీటు గోడ నొకదానిని దించిరి. ఇది ఱాతికి సిమెంటు ఎక్కించుట కాకున్నను, కంటికి కనబడని నిరోధమును గూర్చిన ప్రశ్నయే గనుక మా విచారణకు సన్నిహితము. సుమారు 1,396 మీటర్ల పొడవుగల ఆ గోడ వఱదలకు దెబ్బతిన్నదని తెలియగా, ఎంత దెబ్బతిన్నదన్నది పెద్ద వివాదమయ్యెను. తుదకు 2023లో జాతీయ జలవిద్యుత్ సంస్థవారు భూభౌతిక పరీక్షలు జరిపి, సుమారు 485 మీటర్ల మేర నష్టము కలిగినదని తేల్చిరి. 2025 జనవరిలో క్రొత్త గోడ పని ఆరంభమైనది. మాటలతో ముగియని వివాదమును కొలత ముగింపు దెసకు నడిపించినది. ఆ కొలతలు ప్రతి వఱదకు ముందును వెనుకను తీయుట అలవాటై యుండినచో కాలమును ధనమును ఎంత మిగిలియుండునో పాఠకులే ఊహింతురుగాక.

2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టమును చేసినది. పదునైదు మీటర్లకు మించిన యెత్తుగల కట్టలన్నియు, కొన్ని నిబంధనలకు లోబడి పది మొదలు పదునైదు మీటర్ల వఱకు గలవియు దాని పరిధిలోనికి వచ్చినవి. కట్ట యజమాని దస్తావేజులను భద్రపఱచవలెననియు, నియతకాలములందు సమగ్రపరీక్ష జరిపింపవలెననియు అది విధించినది. ప్రపంచబ్యాంకు సహాయముతో 2012 మొదలు 2021 వఱకు సాగిన మొదటి పునరుద్ధరణ పథకమున తమిళనాడు పాల్గొన్నది. విరుదునగరము జిల్లాలోని పిళవక్కల్, వెంబకోట్టై, ఇరుక్కన్‌కుడి వంటి జలాశయములు నాగార్జునసాగరముతో పోల్చదగినవి కావు. కాని చిన్న కట్ట దిగువనుండు గ్రామమునకు అదియే సాగరము.

చట్టము అక్షరమున నున్నది. దానికి ప్రాణము పోయవలసినవి ఆచారములు. మేము కోరునది నాలుగే. ఒకటి, ఱాతి పునాదికి సిమెంటు ఎక్కించు ప్రతి ముఖ్యమైన పనికిని ముందు ఒకసారి, గట్టిపడినపిదప మఱొకసారి, అదే చోటుల, అదే పద్ధతిని, నీటిమట్టమును నమోదుచేసి కంపతరంగ పరీక్ష జరుపవలెను. రెండు, ఈ కొలతను సిమెంటు ఎక్కించినవారిచే గాక వేఱొకరిచే తీయింపవలెను. తన దావాకు తానే తీర్పరి యగుట ఏ న్యాయమునకును సమ్మతము కాదు. మూడు, మూటల లెక్కతో పాటు ముందువెనుకల వేగములును, నీటి పరీక్షల ఫలితములును కొలతల పుస్తకమున చేరవలెను. బిల్లు చెల్లింపు వీనిని కూడ అనుసరింపవలెను. నాలుగు, ఆ పటములు బీరువాలలో చెదలపాలు గాక ప్రజలకు లభింపవలెను. అర్ధశతాబ్దము పిదప కట్టను పరీక్షించు ఇంజనీయరునకు మన నాటి కొలతయే పెట్టుబడి.

ఇందులకు ఖర్చగునని ఆక్షేపింపవచ్చును. అగును. పరికరములు కావలెను, వానికంటె ముఖ్యముగ వానిని సరిగా చదువగల మనుష్యులు కావలెను. కాని గ్రుడ్డిగ ఎక్కించు మూటలు మాత్రము ఉచితముగ వచ్చునవి కావు. ఏ చోట ఱాయి గట్టిగ నున్నదో ముందే తెలిసినచో అచ్చట ఎక్కింపనక్కఱలేదు. ఏ చోట మన్ను నిండినదో తెలిసినచో అచ్చట ఎక్కించి ప్రయోజనములేదు. ఈ రెంటను మిగులు సొమ్ము ఆ ఖర్చులో కొంత తీర్చును. మిగిలినది దిగువ ఊళ్లవారి నిద్రకు మనము చెల్లించు కట్నము.

తిరుగు ప్రయాణమునకు ముందు మఱల ఆ తోటకు పోతిమి. బావిలో ఇంకను నీరు పడలేదు. పెద్దాయన పనివానిని ఆపి, తాను చెప్పిన చోటనే మఱల కొట్టుమని, మునుపటి దెబ్బయొక్క ధ్వనితో పోల్చి వినుచుండెను. నిన్నటి ధ్వనిని ఆయన మఱువలేదు. ఆయన చేతిలో పుస్తకము లేదు, యంత్రము లేదు. ముందు విన్నదానితో వెనుక విన్నదానిని పోల్చుట యను ధర్మము మాత్రము ఉన్నది. కోట్ల రూప్యములు ఖర్చుపెట్టి కట్టలు కట్టు మనకు కావలసినదియు అదియే. మేము గెలిచిన ఆ దావాలో నిన్నటి ధ్వనిని ఎవరును విని యుంచలేదు. ఇకమీదనైన విని, వ్రాసి, ఉంచుదుముగాక.